పాలు పోయని చాయ్

ఆ రోజు పొద్దున ఐలయ్య పెట్టుకున్న పని ఒక్కటే: తల్లికీ భార్యకూ అసలైన చాయ్ రుచి చూపించాలి. మస్కట్‌లో ఓ పెద్ద హోటల్లో ఏళ్ళ తరబడి షేకులకు చాయ్ కాచినవాడు, మొన్న మల్యాలలోని ఇంటికి వస్తూ ఓ డబ్బా డార్జిలింగు ఆకు తెచ్చుకున్నాడు. పొడి కాదు, మెలితిరిగిన నిండు ఆకు.

నీళ్ళు మరగకముందే దించాడు. ఆకు వేసి మూత పెట్టాడు. కాసేపు ఎవరినీ కదలనివ్వకుండా కాపలా కాసి, గ్లాసుల్లోకి వడకట్టాడు. తేనె రంగు. మామిడి పూతకూ పండిన ద్రాక్షకూ మధ్య ఏదో వాసన.

"పాలేవిరా?" అంది తల్లి శంకరవ్వ.

"పాలు పోత్తె దీని వాసన సచ్చిపోతదే అవ్వా. చక్కెర గూడ వద్దు."

"మంచిగనే ఉన్నది," అంది భార్య రాణి, మూతి వంకర పోకుండా జాగ్రత్తపడుతూ.

అప్పుడే పక్కింటి మొండయ్య వచ్చాడు. పొద్దున్నే కల్లు గీయడానికి తాళ్ళెక్కి దిగి అలసిపోయిన మనిషి. ఐలయ్య అతనికీ ఓ గ్లాసు అందించాడు. మొండయ్య గ్లాసులోకి చూశాడు, ఐలయ్య ముఖంలోకి చూశాడు, కష్టపడి ఓ గుక్క మింగాడు.

"ఎట్లున్నది కాకా?"

"మంచిగున్నది కొడుకా. నువ్వేం రంది పెట్టుకోకు," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

దిగులెందుకో ఐలయ్యకు అర్థం కాలేదు. అయ్యేలోపే ఎదురింటి గంగవ్వ ఓ చెంబు పాలు గడప లోపల పెట్టింది. ఆమె వెనకే ఇంకొకామె చక్కెర తెచ్చింది. బర్రె ఉన్న ప్రతి ఇంటి నుంచీ పాలు రావడం మొదలైంది. గిన్నెలు చాలక రాణి బకెట్టు కడగాల్సి వచ్చింది.

"ఏందివన్ని?" అని నిలదీసింది.

"పాలకు గూడ లేక ఉత్త నీళ్ళ చాయ్ తాగుతున్నరట కదనే. మాకు చెప్పద్దా?" అంది గంగవ్వ.

"గది పిరమైన చాయ్! షేకులు తాగేది!"

"అవ్, అవ్," అన్నారందరూ, మరింత జాలిగా.

ఐలయ్య డబ్బా తెచ్చి చూపించాడు. ఆ ఆకు ఏ కొండల్లో పెరుగుతుందో, ఎంత లేత చిగురు తుంచుతారో విప్పి చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. "పాపం, ఆకులలములు ఉడుకవెట్టుకుంటుండు."

ఆ మాట బస్సెక్కి రాణి పుట్టిన ఊరు తంగళ్ళపల్లి చేరేసరికి, పాలు లేని చాయ్ కాస్తా పొయ్యి వెలగని ఇల్లయింది. రాణి తమ్ముడు వీరేందర్ బండి మీద బియ్యం బస్తా వేసుకుని వచ్చాడు. రాణికి మండిపోయింది.

"నా మొగడు సెలవు మీద అచ్చిండు! ఇంకోపారి ఎవలన్న ఏమన్నంటె ఊకోను!" అని వాకిట్లో నిలబడి అందరితోనూ తగువు పెట్టుకుంది.

చాయ్ గొప్పదనం రుజువు చేద్దామని ఐలయ్య మళ్ళీ నీళ్ళు పెట్టాడు. అతను గ్లాసులు తెచ్చేలోపు శంకరవ్వ డబ్బాలో సగం ఆకు పాలల్లో వంపి, అల్లం దంచి వేసి, కుతకుత ఉడికించింది. బంగారంలాంటి ఆకు గతి చూసి ఐలయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కన్నీళ్ళు చూసి వీరేందర్ దగ్గరికి జరిగాడు. "బావా, హోటల్ మూసిండ్రా?"

ఐలయ్య గ్లాసులు పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. తల దించుకున్నాడు.

"మూసిండ్రు. వీసా గూడ కొట్టేసిండ్రు. అచ్చిన కాన్నుంచి చెప్తామనే చూస్తున్న."

వాకిట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. వాళ్ళకది పొద్దుటి నుంచీ తెలిసిన సంగతే. ఉలిక్కిపడింది రాణి ఒక్కతే.

"మరి పొద్దుగాల్నించి ఊరందరితోటి నన్నెందుకు కొట్లాడనిచ్చినవ్?"

"నువ్వు గట్ల కొట్లాడుతాంటె, నిజంగనే సెలవు మీద అచ్చిననిపిచ్చిందే."

రాణి బియ్యం బస్తాను గడప లోపలికి జరిపింది. తర్వాత వచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చుంది. "కొండగట్టు కాడ మా అల్లుని హోటల్ల చాయ్ కాచెటోడు లేడు, రేపటిసంది పో," అని గుంపులోంచి మొండయ్య పని సంగతి కూడా అక్కడే తేల్చేశాడు.

మరునాడు తెల్లారకముందే, ఏడాదిగా దుబాయ్ నుంచి సెలవు మీదే ఉన్న మొగిలయ్య దొడ్డిదారిన వచ్చి, ఇంట్లో ఒకసారి పాలు పోయకుండా కాస్తానని ఓ చెంచా ఆకు అడిగి తీసుకుపోయాడు.