ఆటపెట్టెలోని శతకాన్ని క్రమబద్ధీకరించిన విధానం

మనిషి తాను కొన్న వస్తువుకు తానే యజమాని అనే భ్రమను తొలగించడానికి వేదాంతం వేల యేళ్ళుగా శ్రమిస్తోంది. ఫలితం అంతంతమాత్రం. అదే కార్యాన్ని ఆటపెట్టెల కంపెనీ ఒక్క అప్‌డేట్‌తో, ఇరవై నిమిషాల్లో, పెట్టెను ఛార్జింగులో ఉంచితే చాలునన్న సులభమైన నియమంతో సాధించింది. పూర్వాచార్యులకు ఛార్జర్ సౌకర్యం లేకపోయింది. అంతకు మించి వారిలో లోపమేమీ లేదు.

ఈ జ్ఞానోదయం నాకు మా ఇంట్లోనే కలిగింది. మా మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ, తీరిక వేళల్లో ఇష్టదైవం మీద నూటెనిమిది పద్యాల శతకం రాసుకున్నారు. గణాలలో గానీ యతిలో గానీ వీసమెత్తు తేడా ఉండదు (ఉద్యోగధర్మం). అక్షరాలు మాత్రం చీమలు సైతం కళ్ళజోడు పెట్టుకుని చదవవలసినంత చిన్నవి. నా ధర్మపత్నికి చూపు మందగించాక ఆ నోటుబుక్కు కళ్ళకద్దుకోవడానికి తప్ప చదవడానికి పనికిరాకుండా పోయింది. ఫోనులో ఎక్కించి ఇచ్చాం. పొడిబారిన ఆమె వేళ్ళను ఆ గాజుతెర వేళ్ళుగా అంగీకరించలేదు. ఆమె తట్టింది, రుద్దింది, బతిమాలింది.

"నేనసలు ఉన్నానో లేనో దీనికి తెలియడం లేదండీ" అంది చివరికి.

అప్పుడు రంగంలోకి దిగినవాడు ఆమె తమ్ముడు, అనగా నా బావమరిది. లిఫ్టు మెకానిక్కుగా రిటైరైనవాడు. మనవలు వీడియోగేములు ఆడి వదిలేసిన పాత చేతి ఆటపెట్టె ఒకటి తీసుకున్నాడు. నొక్కితే టక్కుమనే నిజమైన బటన్లున్న పెట్టె. మూడు నెలలు దానితో కుస్తీపట్టి సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాడు. (కంపెనీవారు రాయకుండా, ఎవరి ఇంట్లో వారు రాసుకునే ఇటువంటి వాటిని హోమ్‌బ్రూ అంటారట. ఇంట్లో చేసుకున్నదాన్ని అనుమానంగా చూడడం నాగరికతకు మొదటి మెట్టు.) తెరమీద ఒకసారికి ఒకే పాదం, అక్షరాలు వేరుశనగ గింజలంత. పై బటన్ నొక్కితే పైకి, కింది బటన్ నొక్కితే కిందికి. వాడికి తెలిసిన నిర్మాణశాస్త్రం అదొక్కటే గనుక మా మామగారి శతకం నూటెనిమిది అంతస్తుల మేడయింది.

ఆమె ప్రతి ఉదయం కిటికీ పక్కన కూర్చుని చదివేది. చదివేది అనడం కంటే ఆగేది అనడం సబబు. ఏదో ఒక పాదం దగ్గర కళ్ళు మూసుకుని పావుగంట ఉండిపోయేది. "ఇది మా అమ్మ జబ్బుపడినప్పుడు రాశారు" అనేది, ఎవరితోనో. పెట్టె ఏమీ అనేది కాదు.

ఆ తెరమీదనే ఒకనాడు ఈ ప్రకటన వెలిసింది: "మీ పెట్టెయందు గృహనిర్మిత ప్రోగ్రాం ఒకటి కనుగొనబడినది. పదిహేను దినములలో క్రమబద్ధీకరించుకొననిచో తదుపరి అప్‌డేట్‌లో దానికి విముక్తి ప్రసాదించబడును."

"అంటే నాన్న పద్యాలు పోతాయట్రా?"

"పోనిస్తానా అక్కా" అన్నాడు బావమరిది. వీధిలోకి వచ్చాక మాత్రం గొంతు తగ్గించి, "ఒక్కసారి చెరిపిందంటే మళ్ళీ ఎక్కించనివ్వదు బావా, తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుంటుంది" అన్నాడు.

గృహనిర్మిత ప్రోగ్రాముల సహన విభాగం కంపెనీ భవనంలో నాలుగో అంతస్తులో ఉంది. (లిఫ్టు పనిచేయడం లేదు. బావమరిది దాని వంక చూసి, బంధువును ఆసుపత్రిలో చూసినట్టు నిట్టూర్చాడు.) గోడమీద "మీ సృజనే మా బలం" అన్న పెద్ద అక్షరాల కింద, తమ సృజనను చెరిపించుకోవడానికి వచ్చినవారు వరుసలో నిలబడి ఉన్నారు. గృహనిర్మిత ప్రోగ్రాముల భవిష్యత్తు ఉజ్జ్వలమని అక్కడ పంచిన కరపత్రం చెప్పింది: వచ్చే యేటి నుంచి వాటిని కంపెనీయే తయారుచేస్తుంది. అందుకోసం ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

వినోద నిర్ధారణాధికారిణి ఎంతో మర్యాదస్థురాలు. మా పెట్టెను తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి, అటూ ఇటూ పొర్లించి చూసింది.

"ఇదేమిటి బాబాయిగారూ?"

"శతకమమ్మా. భక్తిగ్రంథం."

"గ్రంథమైతే కుదరదండీ. ఆటపెట్టెలో ఆటే ఉండాలి. నాలుగో నియమం." చాలా జాలిగా చెప్పింది. (జాలి శిక్షణలో భాగమని తరువాత తెలిసింది.)

బావమరిది నా మోచేయి గిల్లాడు. "ఆటేనని చెప్పెయ్ బావా."

"ఈ వయసులో నాచేత అబద్ధమాడిస్తావా?"

"అబద్ధమెందుకవుతుంది? సృష్టంతా ఆయన లీల అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతావుగా. లీలంటే ఆటే కదా? లేకపోతే ముప్పై యేళ్ళుగా నాకు తప్పు చెబుతున్నావా?"

లిఫ్టు మెకానిక్కు చేతిలో వేదాంతచర్చలో ఓడిపోవడం నాకదే ప్రథమం. "ఆట" అని రాసి సంతకం చేశాను.

"శత్రువులున్నారా?" అని అడిగింది అధికారిణి.

"ఆరుగురు."

"పేర్లు?"

"కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం."

కంప్యూటర్లో టకటకా కొట్టుకుంది. "తెరమీద ఒక్కరూ కనబడరేం?"

"కనబడితే ఇంత అవస్థ ఎందుకు తల్లీ?"

ఆమె కళ్ళలో తొలిసారి గౌరవం మెరిసింది. కష్టస్థాయి: అత్యధికం.

"ఆడేవారికి ప్రాణాలెన్ని?"

"జన్మలా? ఎనభైనాలుగు లక్షలు."

"గడిలో రెండంకెలే పడతాయండీ. మూడు వేస్తాను, అందరికీ అదే." (శాస్త్రాలు లక్షల్లో చేయించే పనిని ఈ కార్యాలయం మూడింటిలో ముగిస్తుంది.) "చివరి దశ?"

"మోక్షం."

"అది దాటాక మొదటి తెరకు తిరిగొస్తారా?"

"తిరిగి రాకపోవడమే మోక్షం."

"అది లోపం కిందికి వస్తుంది బాబాయిగారూ. తిరిగి రాకపోతే పెట్టె చెడిపోయిందని మాకు ఫిర్యాదులు పెడతారు. తిరిగొచ్చేలా సవరించండి."

బావమరిది బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. కానీ ఎదుటివారు నేను చెప్పేది చెప్పినట్టు ఎక్కించుకుంటుంటే నోరు కట్టుకోగల పండితుడు ఇంకా పుట్టలేదు. సంచిత కర్మ గురించి కూడా చెప్పాను. ఆమె దానిని "ఆటను మధ్యలో ఆపి దాచుకునే సదుపాయం" అన్న గడిలో రాసుకుంది.

ధ్రువపత్రం వచ్చింది. మా మామగారి శతకం "అదృశ్య శత్రువులు ఆరుగురు, ప్రాణాలు మూడు గల యుద్ధక్రీడ"గా గుర్తింపు పొందింది. అదనపు షరతు ఒక్కటే: యుద్ధంలో నిలబడిపోయినవారు ఓడిపోవలెను. పాదానికి ముప్పై సెకండ్లు. మించితే ఒక ప్రాణం నష్టం. మూడూ పోతే మళ్ళీ మొదటి పద్యం. బావమరిది రెండు రోజులు తలపట్టుకుని కూర్చుని, ఆ ప్రకారమే మార్చాడు.

మొదటి ఉదయం ఆమె తొమ్మిదో పద్యం దగ్గర కళ్ళు మూసుకుంది. పెట్టె కుయ్యిమంది.

"ఒరేయ్, ఏమంటోందిరా ఇది?"

"ఓడిపోయావంటోంది అక్కా."

"నాన్న పద్యం దగ్గర నేను ఓడిపోవడమేమిటిరా! తీసెయ్ ఆ కూతను."

"తీయాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. ఈసారి బావను తీసుకెళ్ళను" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా.

వారం రోజులు ఆమె తొమ్మిదో పద్యం దాటలేదు. ఎనిమిదో రోజున కళ్ళు మూసుకోవడం మానేసింది. బొటనవేలు బటన్ మీద, చూపు తెరమీద; పాదాలు పరుగెత్తసాగాయి. నెల తిరిగేసరికి శతకమంతా ఇరవై రెండు నిమిషాల్లో పూర్తిచేస్తోంది.

నిన్న సహన విభాగం నుంచి అభినందన వచ్చింది. వినియోగదారు (సంఖ్య: ఒకటి) నైపుణ్యం అసాధారణంగా వృద్ధి చెందినందున, వినోదం తగ్గకుండుటకై, ఈ ఉదయం నుంచి పాదానికి మూడు సెకండ్లే ఇస్తారట.

కిటికీ పక్క నుంచే ఆమె అడిగింది. "ఏం రాశారండీ?"

"చాలా బాగా చదువుతున్నావని మెచ్చుకున్నారు" అన్నాను.

ఆమె సంతోషించింది. తలెత్తి మాత్రం చూడలేదు. తలెత్తితే ఒక ప్రాణం పోతుంది.