మూడు వందల నలుబది యేడుగురి నల్లా సంగ్రామము

సకల కలహములకు సాక్షియైన సూర్యభగవానుడు మూసీకి దక్షిణపు మేడలపై నిప్పులు చెరుగుచుండగా, క్రీస్తుశకము రెండువేల ఎనిమిదవ సంవత్సరపు ఏప్రిల్ మాసమున, సంతోష్‌నగర్‌లోని ఒకానొక డిగ్రీ కళాశాల రెండవ అంతస్తున, ఒక ఇత్తడి నల్లా తొమ్మిది మాసములుగా మౌనవ్రతము పూని యుండెను. దానిని తిప్పినవారి మణికట్లు నొచ్చినవే కాని, దాని గుండె కరిగి ఒక్క చుక్క రాలలేదు.

ఆ మౌనపు భారమంతయు ఆయమ్మ పుష్పమ్మ మోకాళ్ళపై పడెను. క్రింద బోరింగు కొట్టి, బిందె చంకకెత్తి, ఆమె మెట్లెక్కి వచ్చిననే పైవారికి దాహము తీరును. ఒకనాడు బి.కాం. రెండవ వత్సరపు విద్యార్థిని, గౌలిపుర వాస్తవ్యుడు డానియేలు కూతురు, అల్పభాషిణియు అమితకోపనయు నగు ప్రీతి ఆమెకు అడ్డము వచ్చెను.

"ఇటియ్యి పుష్పమ్మా, నేను మోస్త."

"వద్దు బిడ్డా. ఇయ్యాల నువ్వు మోస్తవ్, రేపెవలు మోస్తరు? గా నల్లా బాగు చేయిపిస్తే సాలు."

"చేయిపిస్త" అని ప్రీతి మాట ఇచ్చెను. పూర్వము ఘోరప్రతిజ్ఞలు చేసినవారిపై ఆకసమునుండి పూలు రాలెడివట. ఈమెపై పైకప్పునుండి కొంత సున్నము రాలెను.

ప్రిన్సిపాల్ కైలాసము గారికి ఆమె మూడు అర్జీలు సమర్పించెను. మూడును ఆయన బల్లపై పేపర్‌వెయిటు క్రింద శాశ్వతవిశ్రాంతి గైకొనెను. అంతట ఆ క్రుద్ధసింహి, నెచ్చెలి రాగసుధను వెంటగొని, అమరనాథుని నెట్ సెంటరున ప్రవేశించి, అక్షరములు అరిగిన కీబోర్డు ముందు వీరాసనము వేసి, ఆర్కుట్ అను మాయాసభయందు "మా నల్లా మాకు కావాలె" అను పేర ఒక కమ్యూనిటీని స్థాపించి, ఆంగ్లలిపిలో ఇట్లు గర్జించెను:

"దోస్తులారా, తొమ్మిది నెలలల్ల తల్లి బిడ్డను కంటది, మన నల్లా ఒక్క చుక్కను కనలే. ఇంక అర్జీలు బంద్. సోమవారం పదకొండు గంటలకు గేటు ముంగట కూసుందాం. నీళ్ళొచ్చే దాక లేవద్దు."

అహో, ఆ సేనాసమీకరణమును ఏమని వర్ణింతును. వారము తిరుగులోపల మూడు వందల నలుబది యేడుగురు యోధులు చేరిరి. "మస్తు రాసినవక్కా, రక్తం మరిగింది" అని ఒకడు, "నల్లా కోసం పాణమిస్త" అని మరియొకడు వ్రాసిరి. బ్రెజిల్ దేశమునుండి ఇరువురు, సంగతి ఏమియు తెలియకనే, పూలగుత్తుల బొమ్మలు పంపిరి.

"ఇంతమందికి షామియానా చాలదేమోనే" అని రాగసుధ దిగులుపడెను. కాకినాడనుండి వచ్చిన రెవెన్యూ ఉద్యోగి కుమార్తె యగుటచే ఏర్పాట్లపై ఆమెకు దృష్టి మెండు.

"ఎండల కూసుంటరు. పోరాటమంటే ఏమనుకున్నవ్" అనెను సేనాని.

సోమవారము పదకొండు గంటలకు గేటు ముందు ఇరువురుండిరి. పదకొండున్నరకు ఒక వీరుడు వచ్చి, హాల్‌టికెట్లు ఇచ్చుచున్నారా యని అడిగి, లేదని విని మరలిపోయెను. ప్రాణమిచ్చెదనన్నవానికి తలనొప్పి వచ్చినదని రాగసుధ సెల్లునకు సందేశము వచ్చెను. మధ్యాహ్నమునకు కైలాసము గారు స్కూటరు ఆపి, "ఏంది, ఇద్దరే ఉన్నరు? ఎండదెబ్బ తగుల్తది, ఇంటికి పోండ్రమ్మా" అని మెత్తగా పలికెను. కత్తివేటును ఓర్వవచ్చును కాని ఆ మెత్తదనమును ఓర్వలేము. అంతలో పుష్పమ్మ, తాను మోసుకొచ్చిన నీటినుండియే రెండు గ్లాసులు నింపి తెచ్చి వారి చేతికిచ్చెను. రాగసుధ త్రాగెను. ప్రీతి తన గ్లాసును ముట్టక ప్రక్కన పెట్టెను.

సాయంకాలము, పారిపోయినవారిని పేరుపేరున తిట్టు నిశ్చయముతో, ఆమె సభ్యుల పట్టికను మొదటినుండి చదువసాగెను. తిట్టుచు తిట్టుచు రెండు వందల పండ్రెండవ యోధుని కడ ఆగిపోయెను. జలపాతము ముందు సఫారీ సూటులో నిలిచి చిరునవ్వు చిందించుచున్న ఆ మహనీయుడు సాక్షాత్తు కైలాసము గారే. నెల క్రిందటనే కూతురివద్ద ఆర్కుట్ విద్య నేర్చి, కంటబడిన ప్రతి కమ్యూనిటీలోను చేరుచున్న ఆయన, ఇందును చేరి ఇట్లు వ్రాసియుండెను: "న్యాయమైన పోరాటం. నిర్లక్ష్యం చేసిన అధికారి సిగ్గుపడాలి."

"చూసుకోకుండా రాశాడంటావా?" అనెను రాగసుధ.

"చదవకుండ రాసిండు. మూడొందల నలభై ఏడుగురు గంతే" అని ప్రీతి, మరల పట్టికను చూచి, "నేను సుత ఎన్నిట్ల గిట్ల చేరిన్నో" అనెను. పిమ్మట ఆ పుటకు ప్రింటు తీయించెను.

మరునాడు ప్రిన్సిపాల్ గదిలో ఆ కాగితము బ్రహ్మాస్త్రమువలె బల్లపై వాలెను.

"సార్, మీరు మా మెంబరు. నిన్న ధర్నాకు రాలేదేంది?"

కైలాసము గారు కళ్ళద్దములు పెట్టి చదివెను. తీసి, తుడిచి, మరల పెట్టి చదివెను. "గీ అధికారి ఎవరు?"

"మీరే సార్."

గ్రహణకాలమున చంద్రబింబము ఒక అంచునుండి నల్లబడునట్లు, ఆ వదనము గడ్డమునుండి మొదలై బట్టతల వరకు క్రమముగా వివర్ణమయ్యెను.

"ఇంకెవరన్న చూసిండ్రా ఇది?"

"మూడొందల నలభై ఆరు మంది సార్. కని ఎవరు చదవలే. చదవుమని చెప్పమంటరా?"

"వద్దు తల్లీ" అని ఆయన ఫోను అందుకొనెను.

ప్లంబరు రామలింగయ్య వచ్చి, నల్లా విప్పి, చొక్కా గుండీయంత వాషరొకటి తీసి పారవైచి, క్రొత్తది బిగించెను. నాలుగు నిమిషములు పట్టెను. నల్లా దగ్గెను, గురగురలాడెను, ఎర్రని త్రుప్పునీరు ఉమిసెను, పిదప దారమంత సన్నని తెల్లని ధారను విడిచెను. పుష్పమ్మ దాని క్రింద ఒక సీసా నిలిపెను. అది నిండుటకు ఏడు నిమిషములు పట్టగా, ఏడు నిమిషములును విజేత్రి కదలక నిలిచి చూచెను.

"ఎట్లున్నయ్ పుష్పమ్మా?"

"ఉప్పగున్నయ్ బిడ్డా" అని ఆమె రెండవ గుక్క త్రాగెను.

ఇట్లు రథగజతురగములు లేక, మూడు వందల నలుబది నలుగురు మహావీరులు ఇంటనుండి దీవించుచుండగా, ఇద్దరు ఎండన నిలువగా, శత్రువే తెలియక ఎదుటి పక్షమున సంతకము చేయగా, అర అంగుళపు నల్లా యొకటి జయింపబడెను. దిక్కులు దద్దరిల్ల చాటుడు: సంతోష్‌నగరమున, రెండవ అంతస్తున, వరండా ఎడమవైపున, నీళ్ళు వచ్చుచున్నవి.