గుడి దాకా నడవక్కర్లేని ఆట

పాత ఆటలకు మెరుగులు దిద్ది మళ్ళీ అమ్మేవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. నేను మొక్కాను కూడా!

అరచేతిలో పట్టే చిన్న గేమ్ మెషీన్‌లో మా అమ్మాయి పదో ఏటి నుంచీ ఒకటే ఆట ఆడుతోంది. అందులో ఒక వీరుడు కత్తి పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ, రాక్షసులను కొడుతూ బలం పెంచుకుంటాడు. ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు అదే ఆట రీమాస్టర్ అయి వచ్చింది. నేను దర్జీని. నా భాషలో చెప్పాలంటే, పాత చొక్కా కుట్లు విప్పి కొత్త గుండీలతో మళ్ళీ కుట్టారు.

ఎంత సుఖమనుకున్నారు! పాత ఆటలో వీరుడి మొహం నాలుగు చుక్కలు. వాడికి కోపమొచ్చిందో తుమ్మొచ్చిందో మనమే ఊహించుకోవాలి. ఇప్పుడు కనురెప్పలు కూడా కనిపిస్తున్నాయి. దారి తప్పే పని లేదు, బాణం గుర్తు చూపిస్తుంది. పోరాడే పని లేదు, బటన్ నొక్కితే వాడే పోరాడుకుంటాడు. ఇంకొన్నాళ్ళకు ఆడే పని కూడా తప్పిస్తే మనిషికి మోక్షమే కదా!

అసలు మేలు గుడి విషయంలో జరిగింది. పాత ఆటలో, ఆడినంతవరకూ సేవ్ చేయాలంటే వీరుణ్ణి కొండ మీది గుడికి నడిపించి దణ్ణం పెట్టించాలి. ఒకసారి మా అమ్మాయి ఆ దణ్ణం బటన్ నొక్కబోతుండగానే బ్యాటరీ అయిపోయి ఆడినదంతా పోయింది. నాన్న చెయ్యి పడితేనే దేవుడు వింటాడని ఆ రోజే తీర్మానించుకుంది.

"నాన్నా, గుడొచ్చింది! తొందరగా రా!"

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి, చేతులు కడుక్కుని మరీ వెళ్ళేవాణ్ణి.

"బొమ్మ దేవుడికి చేతులు కడుగుతారు. అన్నానికి పిలిస్తే మాత్రం దారప్పోగులతోనే వస్తారు!" అనేది మా ఆవిడ.

ఇప్పుడా శ్రమ లేదు. అడుగడుగునా దానంతటదే సేవ్ అవుతుంది. గుడి ఉంది, పాలరాతితో ధగధగలాడుతోంది. వెళ్ళేవాళ్ళే లేరు.

"గుడికెప్పుడు వెళ్తావమ్మా?" అని మొన్న అడిగాను.

"దాంతో ఇప్పుడేం పని నాన్నా?" అంది తలెత్తకుండా.

నాదొక చిన్న సందేహం. పిలవకుండానే పనులన్నీ జరిగిపోతే, పిలుపు కోసం చెవి ఒగ్గి కూర్చున్నవాళ్ళు ఏం చేయాలి?

సందేహం తీర్చుకోవాలిగా! అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఆ సేవ్ సౌకర్యాన్ని దారం తెంపినంత సుళువుగా ఆపేశాను.

మర్నాడు మధ్యాహ్నం బ్యాటరీ అయిపోయింది. దానితోపాటు మూడు గంటల ఆట, ఒక ముసలి రాక్షసుణ్ణి చంపిన పుణ్యం కూడా పోయాయి.

"నాన్నా!"

చేతులు కడుక్కుని పరిగెత్తాను. ఆ పిలుపు ఎంత గట్టిగా వినిపించిందన్నది మీకు అనవసరం.

సాయంత్రం ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. ఆయనకూ ఈ మధ్య పిలుపులు తగ్గాయేమో!