దొర రోబో, నా నాలుగు చిల్లులు

ఆపరేషన్ బాగా జరిగింది అంటే ఎవరికి బాగా జరిగినట్టు? మూడేళ్లుగా నాకీ సందేహం ఉంది. అయినా, మలద్వారం దగ్గరి క్యాన్సర్ గడ్డ తీయించుకున్నాక రోజుకు ఎనిమిదిసార్లు పాయిఖానాకు పరుగెత్తడం మహాభాగ్యమని ఈమధ్యే తెలుసుకున్నాను.

నవ్వకండి. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ హోటల్ వెనకాల గొళ్లెం సరిగ్గా పడుతుందో, ఏ పెట్రోల్ బంకులో నీళ్లుంటాయో మీకు తెలుసా? నాకు తెలుసు. ఇదివరకు ఏకాదశికే ఉపవాసం ఉండేవాణ్ణి. ఇప్పుడు బస్సెక్కే ప్రతిరోజూ ఏకాదశే!

ఒక్కటే లోటు ఉండేది. ఆపరేషన్‌కు ముందు మొక్కుకున్న సత్యనారాయణ వ్రతం మొన్నటిదాకా చేయలేదు. కథ నడుమ పీట మీది నుంచి లేవాల్సి వస్తే?

నాది కీహోల్ ఆపరేషన్. పొట్టకు నాలుగు చిల్లులు పెట్టి, కెమెరాతో చేశారు. డాక్టరుగారు సీడీ కూడా ఇచ్చారు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా బావమరిది జలపతి అది చూసి పెదవి విరిచాడు.

"మరమగ్గాలు అచ్చినంక ఇంకా చేతిమగ్గం కాడనే కూసుంటవా బావా? గొల్లపల్లి కరుణాకర్ రావు దొర గిదే ఆపరేషన్ రోబోతోని చేయించుకున్నడట. గది మిషన్ అంటే."

నాకు చిన్నతనమనిపించింది. ఆ చిన్నతనం పోయిన నెల కోరుట్ల రాస్తారోకోలో పోయింది. తెలంగాణ కోసం రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. మైలు పొడవున బండ్లు ఆగాయి. నేనూ జై తెలంగాణ అన్నాను గానీ, నా కడుపు సమ్మెకు ఒప్పుకోలేదు. బస్సు దిగి, పక్క వాడలో లక్ష్మవ్వ అనే ముసలమ్మ ఇంటి ముందు నిలబడి బతిమాలాను.

"జర ఆగు కొడుకా, లోపట ఇంకో సారున్నడు. కారు దిగి ఉరికచ్చిండు."

తలుపు తీసుకొని బయటికి వచ్చింది కరుణాకర్ రావుగారు!

నా పని చూసుకొని వచ్చేసరికి ఆయన అరుగు మీదే కూర్చొని ఉన్నారు. నా సంగతి చెప్పాను.

"రోజుకెన్నిసార్లు?"

"ఎనిమిది, దొరా."

"నాకు తొమ్మిది. ముందుగాల ఎవలన్న చెప్పిన్రా నీకు?"

"లేదు."

"నాకూ చెప్పలే. రోబోకు నాలుగు చేతులుంటయని చెప్పిన్రు."

ఒక్కసారి తేడాతో నేనే గెలిచాను. కానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

వెళ్లిన ప్రతిసారీ డాక్టర్లు స్కాన్ చూశారు, కుట్లు చూశారు, బ్రహ్మాండం అన్నారు. మొన్న ధైర్యం చేసి మా పంతులుగారి దగ్గర వ్రతం మాటెత్తాను. పంచాంగం విప్పకముందే ఆయన నా ముఖం చూశారు.

"ఆపరేషన్ అయిన మనిషివి, ఎంతసేపు కూసోగలుగుతవు?"

మూడేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"అరగంట."

"అయితే ఒక్కో కథ అయినంక కొబ్బరికాయ కొట్టి లేవు. దేవుడు యాడికి పోడు."

ఐదు కథల్లో రెండుసార్లు లేచాను. కాళ్లు కడుక్కొని వచ్చేదాకా పంతులుగారు పుస్తకంలో వేలు పెట్టుకొని ఆగారు. మొక్కు తీరింది.