తోసినవాడికే ఉత్తరం

మిమ్మల్ని ఎవరైనా మెట్ల మీంచి తోసేశారా? అయితే కంగ్రాట్స్! మీకంటూ ఒక కోడ్ ఉంది.

నేను అమెరికాలో, టొలీడో ఊళ్లో, ఒక ఎముకల క్లినిక్‌లో కోడింగ్ చేస్తాను. "అంత కంప్యూటర్ చదువు చదివి ఇదేం పనే?" అంటుంది మా అమ్మ. డాక్టర్ రాసిన ప్రతి దెబ్బనీ అక్షరాలూ అంకెలూ చేసి ఇన్సూరెన్స్ వాళ్లకి పంపడమే నా పని. నవ్వకండి, మహా గొప్ప పని! బాతు కొడితే ఒక కోడ్. తాబేలు కొడితే ఇంకో కోడ్. తాబేలు ఎలా కొడుతుందంటారా? నాకేం తెలుసు! కోడ్ ఉందంటే ఎక్కడో ఎవర్నో కొట్టే ఉంటుంది.

ఇంకో అద్భుతం వినండి. దెబ్బకి వైద్యం మొదలైనప్పుడు కోడ్ చివర A వేస్తాం. అది మానుతుంటే చూపించుకోడానికి వచ్చిన ప్రతిసారీ D. మీ బాధ ఏ స్టేజిలో ఉందో ఒక్క అక్షరంలో తేలిపోతుంది. మీ చుట్టాల్లో ఎవరైనా మిమ్మల్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నారా?

మార్చిలో డార్లా వచ్చింది. పేరు మార్చాను లెండి. స్కూల్ బస్సు నడుపుతుంది. ఎడమ మణికట్టు విరిగింది. పక్కనే మొగుడు విక్, ఆవిడ కోటు పట్టుకుని, ఎంత బుద్ధిమంతుడో! డాక్టర్ మూడుసార్లు అడిగినా "పడ్డాను" అంది. అప్పుడు మా నర్సు, "సార్, మీ కారు అడ్డంగా ఉందట, కాస్త తీస్తారా?" అని ఆయన్ని బయటికి పంపింది.

తలుపు మూసుకోగానే డార్లా అంది: "తోశాడు. వెనక వరండా మెట్లు. ఏడు."

తోస్తే పడటానికి ఒక కోడ్, తోసింది మొగుడని ఇంకో కోడ్. రెండూ పక్కపక్కన పెట్టి పంపాను. ఎంత అందంగా ఉన్నాయో!

డార్లా అట్నుంచి అటే మన్రోలో వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచే రెండు వారాలకోసారి గురువారం వచ్చేది. D. మళ్లీ D. వేళ్లు కదిలాయి. "జూన్‌కల్లా స్టీరింగ్ పట్టుకుంటావు" అన్నారు డాక్టర్.

ఈలోపు ఇన్సూరెన్స్ కంప్యూటర్‌కి అనుమానం వచ్చింది. దెబ్బ తగిలిందంటే ఇంకెవరిదైనా తప్పుందేమో, ఖర్చు వాళ్ల చేత కట్టించొచ్చేమో! వెంటనే ఫారం పంపింది. ఎవరికి? పాలసీ ఎవరి పేరు మీదుంటే వాళ్లకి. అంటే విక్‌కి! "దెబ్బ ఎలా తగిలింది? ఇందులో వేరే వ్యక్తి తప్పు ఉందా? ఉంటే పేరు రాయగలరు." పైన మా క్లినిక్ పేరు, ఆవిడ వచ్చిన తేదీలు.

తోసింది మొగుడని నేను పంపాను కదా? పంపాను. పాలసీ మొగుడిదని వాళ్లకి తెలుసు కదా? తెలుసు. కానీ ఆ రెండూ వేరు వేరు డబ్బాలు. ఒక డబ్బా ఇంకో డబ్బా విషయంలో తలదూర్చదు. అదీ సంస్కారం!

విక్ చక్కటి దస్తూరీతో నింపి పంపాడు: "మెట్లు తడిగా ఉన్నాయి. ఎవరి తప్పూ లేదు."

ఆ ఫారం కాపీ మాకూ రావడంతో డార్లాకి కబురు పెట్టాం. ఆవిడ ఫోన్ చేసింది. "అయితే నేను గురువారాలు వస్తున్నానని వాడికి తెలిసిపోయిందా?"

"రోజు మార్చేద్దాం. మంగళవారం రా."

"నా ఉత్తరాలు మా అక్కింటికి పంపించుకోవచ్చా?"

"భేషుగ్గా! దానికీ ఫారం ఉంది."

ఆ ఫారం దగ్గరుండి నింపించింది నేనే. అంత చదువూ చదివినదాన్ని! మా సూపర్‌వైజర్ లొరేన్ కూడా వచ్చి చూసింది. "శభాష్ తల్లీ, ఒక్క గడి కూడా వదల్లేదు."

పది రోజులకి ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నట్టు ఉత్తరం కూడా రాశారు: "మీ భద్రత కోసం, ఇకపై మీ ఉత్తరాలన్నీ ఈ కింది కొత్త చిరునామాకి రహస్యంగా పంపుతాము." కింద వాళ్లక్క ఇంటి నంబరు, వీధి, అన్నీ.

చిరునామా మారితే పాత చిరునామాకి ఒక మాట చెప్పాలని వాళ్ల రూలు. ఉత్తరం అక్కడికే వెళ్లింది.

మంగళవారం డార్లా వచ్చింది. ఈసారి కుడిచెయ్యి. వాళ్లక్క ఇంటికి వరండా లేదు, మూడే మెట్లు. మూడు చాలట.

లొరేన్ నా భుజం మీంచి స్క్రీన్ చూసింది. "D వెయ్యవే, పాత పేషెంటే కదా?"

"కొత్త చెయ్యి కదండీ, A వెయ్యాలి. కంప్యూటర్ లెక్కలో ఆవిణ్ణి తోయడం ఇదే మొదటిసారి."



ఆ రోజు జాబితా అంతా వెతికాను. గట్టి కాగితం అంచు వేలికి తగిలి కోసుకుంటే కోడ్ ఉంది, ఒట్టు! కాగితం వల్ల చెయ్యి విరిగితే మాత్రం లేదు.