రోడ్డంతా కోచ్‌లే!

సైకిలు తొక్కే మనిషి కనపడగానే నాలుగు మాటలు విసరని ఊరు ఏం ఊరండీ? అక్కడ మనుషులున్నా లేనట్టే! పట్నాల్లో జనం జిమ్ములకి పోయి, ట్రైనర్‌ని పెట్టుకుని, అతని చేత "కమాన్, కమాన్" అనిపించుకుంటారు. మన శ్రీకాకుళం జిల్లాలో ఆ సేవ పూర్తిగా ఉచితం. టీ కొట్టు దగ్గర, ఆటో స్టాండు దగ్గర, కుళాయి దగ్గర, ఎక్కడ చూసినా మన కోసం కోచ్‌లు కాచుకుని ఉంటారు.

నమ్మరా? అయితే మురళీమోహన్ సంగతి వినండి.

మురళీమోహన్‌కి ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మందుల షాపుంది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మందికి షుగర్ మాత్రలు ఇస్తున్నది ఆయనే. ప్రతి మాత్రతో పాటు "నడవండి, తీపి తగ్గించండి" అని ఒక సలహా కూడా పొట్లం కట్టి ఇచ్చేవాడు. కిందటేడాది ఆ షుగరు కౌంటర్ దాటి లోపలికొచ్చి ఆయన్నే పట్టుకుంది. డాక్టరు రిపోర్టు చూసి, "మూడు నెలలు టైమిస్తున్నాను. రోజూ గంట సైకిలు తొక్కండి. తగ్గకపోతే ఇన్సులినే" అన్నాడు. ఊరందరికీ ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో నేర్పిన మనిషికి, తన పొట్టలో సూది అనగానే కళ్ళు తిరిగాయి.

మర్నాటికల్లా గేర్ల సైకిలు, హెల్మెట్, ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు ఇంటికొచ్చేశాయి. భార్య ఈశ్వరి ఆ నిక్కరుని పైనుంచి కిందదాకా చూసింది. ఆయన గుమ్మం దాటగానే తలుపు గడియ పెట్టేసుకుంది, అంతే!

పొద్దున్న ఆరింటికి శ్రీకాకుళం రోడ్డు ఎక్కాడో లేదో, టీ కొట్టు కొండబాబు కేక వినపడింది.

"ఏటి మురళి బావా, బండి పాడైపోనాదేటి?"

మురళీమోహన్ మర్యాదస్తుడు. సైకిలు దిగాడు. షుగరు సంగతి చెప్పాడు, డాక్టరు మాట చెప్పాడు, మూడు నెలల గడువు కూడా చెప్పాడు. కొండబాబు అంతా శ్రద్ధగా విని, "అయ్యో, మందుల కొట్టోడికే రోగమొచ్చీసినాది!" అని బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ చాటింపు వేశాడు.

ఇంకో నూరు గజాలు వెళ్ళేసరికి, వాకిలి ఊడుస్తున్న తాయారమ్మ చీపురు ఆపింది. "ఒరే నాయినా, లోపల తొడుక్కునీది పైన తొడుక్కొచ్చీసినావేట్రా? సూసుకోనేదా?"

మళ్ళీ దిగాడు. అది క్రీడాకారుల నిక్కరనీ, చెమట పీల్చుకుంటుందనీ వివరించాడు.

"సెమట పీల్సడానికైతే తువ్వాలు సుట్టుకోవొచ్చు కదేటి?" అంది ఆవిడ. మురళీమోహన్ గబగబా సైకిలెక్కేశాడు.

ఆ గంటలో తొక్కింది రెండు కిలోమీటర్లు, దిగింది పదకొండు చోట్ల! ఇంటికొచ్చేసరికి కోటబొమ్మాళి నుంచి ఈశ్వరి అక్క ఫోను. "మీ ఆయన సైకిలు మీద తిరగతన్నాడంట. ఏటైనా కష్టమొస్తే మాకు సెప్పొద్దేటే?" మీరే చెప్పండి, కారులో తిరిగే మనిషి క్షేమసమాచారం ఎవరైనా ఇంత ఆత్రంగా కనుక్కుంటారా?

రెండో వారం ఆయన పద్ధతి మార్చాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పాటలేమీ లేవు, ఊరికే వినపడనట్టు నటించడానికి. ఫలితం? వినపడటం లేదనుకుని జనం గొంతు పెంచారు. అంతకుముందు బెంచీకి మాత్రమే వినపడే మాట ఇప్పుడు బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా వినపడసాగింది.

మూడో వారం ఎదురు జవాబులు చెప్పాలని తీర్మానించుకున్నాడు. అయితే సైకిలిస్టుకి దేవుడు ఒక లోపం పెట్టాడు. జవాబు ఎప్పుడూ రెండు కిలోమీటర్ల తరవాతగానీ తట్టదు! ఒకరోజు కల్వర్టు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకడు, "సారూ, ఎనక చక్రం ముందు చక్రాన్ని తరుముతున్నాది, సూసుకో!" అన్నాడు. మురళీమోహన్ వెర్రి నవ్వు నవ్వి సాగిపోయాడు. సరిగ్గా రెండు కిలోమీటర్లు వెళ్ళాక మెరుపులా తట్టింది: "తరిమితే నేను ఊరు దాటాను, నువ్వు కల్వర్టైనా దాటలేదు కదయ్యా!" ఆహా! అంత మంచి మాట వృథా పోనివ్వడమా? సైకిలు వెనక్కి తిప్పి, ఎదురుగాలిలో ఆయాసపడుతూ కల్వర్టు దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి బస్సెక్కి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక గేదె నిలబడి ఉంది. అంత దూరం వచ్చి ఊరికే పోవడం దేనికని ఆ మాట గేదెకే చెప్పేశాడు.

కోపం పోయిందా? పోలేదు. కానీ నాలుగు కిలోమీటర్లు అదనంగా తొక్కాడు. ఏ డాక్టరు చెబితే తొక్కేవాడు?

నెల తిరిగేసరికి వెటకారాలు పాతబడి చప్పట్లు మొదలయ్యాయి. ఆటోవాళ్ళు "లాగండి సార్, లాగండి!" అనేవారు. కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని "సూపరంకుల్!" అనేవారు. ఇక్కడే మన మురళీమోహన్ అసలు రంగు బయటపడింది. ఆటో స్టాండు కనపడగానే పొట్ట లోపలికి లాక్కుని, గేరు మార్చి, ఒలింపిక్స్‌లో ఉన్నట్టు తొక్కేవాడు. వరి చేల మధ్య చూసేవాళ్ళెవరూ లేనప్పుడు ఎడ్లబండి కూడా దాటిపోయేంత నిదానంగా పోయేవాడు. ఒకరోజు వానకి ఆటోవాళ్ళెవరూ రాకపోతే, "ఈ రోజు మూడ్ లేదు" అని సగం దారిలోంచి తిరిగొచ్చేశాడు!

డాక్టరుకి ఈ సంగతి చెబితే ఎగిరి గంతేశాడు. "కాసేపు వేగంగా, కాసేపు మెల్లిగా. ఇదే ఇంటర్వెల్ ట్రైనింగ్! ఎవరండీ మీకు నేర్పింది?" ఆటో స్టాండు పేరు చెప్పడానికి మొహమాటపడి, "యూట్యూబ్‌లో చూశానండి" అన్నాడు మురళీమోహన్.

ఆ తరవాత జరిగింది వంతెన సంఘటన.

తిరుగు దారిలో రైల్వే వంతెన ఎక్కుతున్నాడు. సగం ఎక్కేసరికి తొడలు వణుకుతున్నాయి. దిగి నడిపించుకుపోదామా అనుకుంటుండగా వెనకనుంచి కేకలు. "లాగు! లాగు! శభాష్! అదీ, అలగ తొక్కాల!" మురళీమోహన్‌కి ఒళ్ళు పులకరించింది. అభిమానులు వంతెన దాకా వచ్చేశారన్నమాట! వెనక్కి చూడకుండానే, పెద్ద నాయకుడిలా కుడిచెయ్యి పైకెత్తి ఊపాడు.

పక్కనుంచి ఒక పాత లేడీస్ సైకిలు ముందుకొచ్చింది. వెనక క్యారియరు మీద చేపల పెట్టె. తొక్కుతున్నామెకి నలభై అయిదేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. కేకలు ఆమె కోసం! వెనకాల ఆటోలో వస్తున్న తోటి చేపలవాళ్ళవి.

ఆమె ఆయన్ని దాటుతూ, "బాబూ, సెయ్యి దించి హేండిలు అట్టుకో. పడిపోతావు" అంది.

చెప్పినంతసేపు పట్టలేదు. పడిపోయాడు.

ఆమె సైకిలు స్టాండు వేసి వెనక్కొచ్చి, ఆయన్ని లేపి, దుమ్ము దులిపింది. పేరు దానమ్మ. సముద్రం ఒడ్డు పేట నుంచి ఆటోలో వచ్చే చేపలని శ్రీకాకుళంలో ఎత్తుకుని ఆమదాలవలస వీధుల్లో అమ్ముకుంటుంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే రోడ్డు, ఇదే వంతెన. పందొమ్మిదేళ్ళు! మురళీమోహన్ తన రెండు నెలల రికార్డు మాట ఎత్తలేదు.

"నిన్ను కూడా అనేవారా అమ్మా, రోడ్డు మీద?" అని అడిగాడు.

"అనరేటి బాబూ! కొత్తల్లో 'ఆడదానికి సైకిలేటే' అనీవోరు. ఇప్పుడు 'ఆలీసమైపోనాదే, సేపలు మెత్తబడిపోనాయా' అంతారు."

"మరి నువ్వేం జవాబు చెప్పేదానివి?"

దానమ్మ ఆయన్ని వింతగా చూసింది. "ఎక్కుడు మీద నోరిప్పితే ఊపిరి సాల్దు కదేటి? జవాబెలగ సెప్తాను?"

తరవాత జాకెట్టు చేతి కింద మోచెయ్యి చూపించింది. జానెడు పొడవున కుట్ల మచ్చ. "మాటలననీ బాబూ. మాట తగిల్తే తోలు సిట్లిపోదు. ఇది కారద్దం తగిలి అయినాది. ఆ కారోడు నన్ను ఒక్క మాటైనా అననేదు. పాపం, ఎంత నెమ్మదస్తుడో!"

నవ్వి, సైకిలెక్కి వెళ్ళిపోయింది. మురళీమోహన్ దెబ్బ తగిలిన మోకాలితో కుంటుకుంటూ వంతెన మొత్తం నడిచే దాటాడు. దారిలో ఇద్దరు ఏదో అన్నారు. ఆ రోజు ఆయనకి నిజంగానే వినపడలేదు.

మూడు నెలలు నిండాయి. షుగరు దిగింది. సూది తప్పింది. ఇప్పటికైనా ఒప్పుకుంటారా, జనం నోరు మహా ఔషధమని?

ఆ సంతోషంలో ఆదివారం ఈశ్వరిని కారులో ఎక్కించుకుని కళింగపట్నం బీచికి బయలుదేరాడు. దారిలో ముందర ఒక నడివయసు మనిషి, కొత్త హెల్మెట్ పెట్టుకుని, ఆపసోపాలు పడుతూ సైకిలు తొక్కుతున్నాడు. మురళీమోహన్ మనసు కరిగిపోయింది. తోటి సైకిలిస్టు! కారు అతని పక్కకి పోనిచ్చి, అద్దం దించి, గొంతు చించుకుని అరిచాడు.

"శభాష్ మాస్టారూ! వదలకండి! లాగండి, లాగండి!"

మళ్ళీ అద్దం ఎక్కించి, ఏసీ పెంచి, గర్వంగా భార్య వైపు చూశాడు. ఈశ్వరి వెనక్కి తిరిగి చూస్తోంది.

"శభాష్ అన్నారు సరేనండి. ఆ మనిషిని రోడ్డు మీంచి బురదలోకి తోసేసి మరీ అన్నారు."

అద్దంలో చూశాడు. నిజమే. సైకిలు చేలో ఉంది, మనిషి మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు. రోడ్డంతా కారుదే. అతను కారు వైపు చెయ్యెత్తి ఏదో గట్టిగా చెబుతున్నాడు.

అద్దాలు మూసి ఉన్నాయి కాబట్టి వినపడలేదు. థాంక్సే అయ్యుంటుంది!