ఇస్త్రీ రాగాలు

బెడ్‌రూమ్ పాప్ అంటే ఏమిటో మీలో కొందరికి తెలియకపోవచ్చు. స్టూడియో లేనివాడు, బృందం లేనివాడు, చెప్పుకోదగ్గ గొంతు కూడా లేనివాడు పడకగదిలో తలుపేసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాట కట్టి ఇంటర్నెట్‌లో పెడితే అది బెడ్‌రూమ్ పాప్. నేను చేసేది అదే. పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగిస్తాను, సాయంత్రం పాప్ చేస్తాను. మా మామగారికి చెవి కాస్త మందం. అల్లుడు పడకగదిలో ఏదో పాపం చేస్తున్నాడట అని ఆయన బంధువులందరికీ ఫోన్లు చేశారు. జరిగిందంతా విన్నాక, ఆయన సరిగ్గానే విన్నారని మీరే అంటారు.

నా మొదటి ఆల్బమ్ పేరు 'పొగమంచు'. బయటి చప్పుడు లోపలికి రాకుండా కిటికీకి పరుపు అడ్డం పెట్టి, ఫ్యాన్ ఆపి, దుప్పటి ముసుగేసుకుని చెమటలు కక్కుతూ పాడాను. అప్పట్లో నా శైలి గొణుగుడు. ఇంటర్నెట్‌లో సంగీత కార్యక్రమం నడిపే ఒకాయన ఉన్నాడు. దేన్ని చూసినా అద్భుతం అంటాడు కాబట్టి అందరూ ఆయన్ని అద్భుతంగారు అనే పిలుస్తారు. అంతటి మనిషి కూడా నా ఆల్బమ్ విని, మీరు పాడుతున్నారో క్షమాపణ చెబుతున్నారో తేలలేదండీ అన్నాడు. పోనీలే అనుకున్నాడేమో, తర్వాతి ఆల్బమ్‌లో గుర్తుండే రాగం ఒక్కటైనా ఉంటే మా ఇంటికే వచ్చి నలుగురి మధ్య ప్రత్యక్ష ప్రసారం చేస్తానని మాట ఇచ్చాడు.

ఆ మాట పట్టుకుని దుకాణంలో యజమానికీ, మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ ముందే చెప్పేసుకున్నాను. తర్వాత కీబోర్డు ముందు కూర్చుంటే రాగం రాలేదు, ఆవలింతలు వచ్చాయి. ఈసారి కూడా గొణిగితే ఇక నన్ను ఎవరూ వినరు. నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలా అని దిగులు పట్టుకుంది.

రాగం పక్కగదిలోంచి వచ్చింది.

మా ఆవిడ బస్‌స్టేషన్‌లో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో పొద్దుటి నుంచీ మైకులో చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక మాటలు ఖర్చు పెట్టదు. ఇస్త్రీ పెట్టె పట్టుకున్నప్పుడు మాత్రం కూనిరాగం తీస్తుంది. నోరు విప్పదు, మాటలుండవు. ఆ రాగం కాలరు దగ్గర పైకి లేచి, చేతి మడత దగ్గర వంపు తిరిగి, చొక్కా అంచు దాకా హాయిగా సాగిపోతుంది. ఆ సాయంత్రం గోడకు చెవి ఆనించి విన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అంత శ్రద్ధగా విన్నది అదే మొదటిసారి, అదీ దొంగతనానికి.

మర్నాడే ఇస్త్రీ బల్ల కింద ఒక చిన్న మైకు కట్టాను. ఒకటే చిక్కు, మా ఇద్దరి బట్టలూ కలిపి ఎన్ని ఉంటాయి గనక? నలిగిన బట్ట లేకపోతే రాగం లేదు. అందుకని నలపడమే నా సంగీత సాధనగా పెట్టుకున్నాను. బీరువాలోంచి ఇస్త్రీ చొక్కాలు తీసి, ఉండ చేసి, వాటి మీద కాసేపు కూర్చుని మళ్ళీ తగిలించేవాణ్ణి.

"ఏవండీ, ఈ చొక్కా నిన్ననే చేశాను కదా?"

"గాలికి నలిగినట్టుంది."

"గాలి దీని మీద కూర్చుని లేచినట్టుంది."

"మన ఇంట్లో గాలి ఎక్కువే."

"అవును, మీరు ఇంట్లోనే ఉంటారుగా," అని ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూసుకుంది. మరు నిమిషంలో మంచి రాగం ఎత్తుకుంది.

నేను ఒకటి గమనించాను. బట్టలు ఎంత ఘోరంగా నలిగితే రాగం అంత తీయగా వస్తోంది. పని పెరిగేకొద్దీ ఆవిడలో కళ పండుతోందనుకున్నాను. కళాకారుణ్ణి కదా, అలాంటివి నాకు ఇట్టే అర్థమవుతాయి. చొక్కాలయ్యాక తలగడ గలీబులు, ఆ తర్వాత కర్టెన్లు. అవి కూడా అయిపోయాక దుకాణంలో కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డలు సంచీడు తెచ్చి, మా యజమాని వీటికి ఇస్త్రీ కావాలన్నాడని చెప్పాను. అరచేయంత గుడ్డలు అవి. మా ఆవిడ ఒక గుడ్డ తీసి, దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసింది. ఆ సంచీ ఖాళీ అయ్యేలోపు ఆవిడ తీసిన రాగం విని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ రాగాలకు నేను వెన్నెల, మేఘం, వాన చినుకు లాంటి మాటలు అతికించి పాడాను. ఆల్బమ్‌కి 'మడత' అని పేరు పెట్టాను. ఇంటర్నెట్‌లో పెట్టగానే మనుషులు విన్నారు. నిజంగా, ముక్కూమొహం తెలియనివాళ్ళు విన్నారు. ఇతని శైలి ఎంత మారింది, గొణుగుడు పోయి గానం వచ్చింది అని రాశారు. అద్భుతంగారు ఫోన్ చేసి అద్భుతం అన్నాడు. ఈ పరిణామం ఎలా సాధించారని అడిగితే, ఏకాంతంలో నన్ను నేను తవ్వుకున్నానని చెప్పాను. పక్కగదిలో మా ఆవిడకు పొలమారింది.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రసారం. కుర్చీలు చాలక మంచం కూడా హాల్లోకి లాగాం. మా యజమాని వచ్చాడు, మా ఆవిడతో పనిచేసే అనౌన్సర్లు ఇద్దరు వచ్చారు, మామగారు ఆల్బమ్ అంటే ఫొటోలనుకుని చదివే కళ్ళజోడు తెచ్చుకున్నారు. అద్భుతంగారు నా ముందు మైకు పెట్టి, ఇంత తీయదనం ఎక్కడినుంచి వస్తుందని అడిగాడు.

"బాధలోంచి వస్తుందండీ," అన్నాను కళ్ళు అరమోడ్చి.

"అది మాత్రం నిజం," అంది మా ఆవిడ వంటగది గుమ్మంలోంచి.

'మడత'లో మొదటి పాట వినిపించారు. నీలి మేఘమా నన్ను తాకిపో అని పాట సాగుతుంటే అందరూ తలలూపారు. పాట అయ్యాక మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒక చిన్న ప్రకటన ఉందండీ, మైకు ఇస్తారా అని అద్భుతంగారిని అడిగింది. ఆయన సంతోషంగా ఇచ్చాడు. ఇల్లాలు నా గురించి నాలుగు మంచి మాటలు చెబుతుందని నేను కూడా సర్దుకు కూర్చున్నాను.

"శ్రోతలకు మనవి," అంది బస్‌స్టేషన్ గొంతుతో. "మీరు ఇప్పుడు విన్న రాగం అసలు మాటలతో మరికొద్ది క్షణాల్లో బయలుదేరుతుంది."

పాడింది. అదే రాగం, అవే వంపులు.

"తడి తువ్వాలు పరుపు మీద
ఆరేసే తీగ పెరటి లోన
మధ్య దూరం నాలుగడుగులు
నా స్వామి ఏ జన్మకు నడిచేను"

ముందు నవ్వింది మా యజమాని. మా ఆవిడ నవ్వలేదు. తర్వాతి పాట టూత్‌పేస్టు మూత గురించి, ఆ తర్వాతది పిలిస్తే పలకని చెవుల గురించి. నేను ఎంత కష్టపడి వెన్నెల అతికించానో, ఆవిడ మాటలు అంత సులువుగా ఆ రాగాల్లో ఇమిడిపోయాయి. అవి వాటి కోసమే పుట్టిన రాగాలు మరి. చివరగా నాకు కళ్ళ నీళ్ళు తెప్పించిన పాట ఎత్తుకుంది.

"కళ్ళజోడు గుడ్డకి కూడా
ఇస్త్రీ కావాలన్న దొరకి
నలిగిపోయిన బుర్ర ఉందే
దానికెవరు చేస్తారిస్త్రీ"

గుడ్డలకి ఇస్త్రీయా, నేనెప్పుడు చెప్పాను అని మా యజమాని మైకులో పడేంత గట్టిగా అడిగాడు. అనౌన్సర్లు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మామగారికి నా పాట ఒక్క ముక్క వినపడలేదు గానీ, కూతురి పాట అక్షరం పోకుండా వినపడింది. కళ్ళజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను మంచం అంచు మీద కూర్చుని నేల వైపు చూస్తూ ఉండిపోయాను. చెవులు కాలిపోతున్నాయి. అద్భుతంగారు అద్భుతం అనడం మరిచిపోయి, అమ్మా, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఇన్నేళ్ళవీ ఉన్నాయి అంది మా ఆవిడ.

అందరూ వెళ్ళాక, కుర్చీలు సర్దుతున్న నెపంతో ఆవిడ దగ్గరికి చేరాను.

"మైకు సంగతి ఎప్పుడు తెలిసింది?"

"కట్టిన రోజే. రోజంతా మైకు ముందు కూర్చునేదాన్ని. కాళ్ళ దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే తెలీదా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే గాలికి కొట్టుకొచ్చిందనేవారు."

నిజంగా అదే అనేవాణ్ణి.

"తిట్టాలనిపించినప్పుడల్లా రాగం తీసేదాన్ని," అంది. "ఇంటికొచ్చి కూడా గొంతు చించుకోవడం ఎందుకని. రాగాలు తీసుకున్నందుకు నాకేం బాధ లేదండీ. అన్నిసార్లు విన్నారు కదా. ఏం పాడుకుంటున్నావని ఒక్కసారైనా అడుగుతారేమోనని చూశాను."

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. ఆ సాయంత్రం నాకు సిగ్గేసినంతగా ఇంకెప్పుడూ వేయలేదు. నలుగురి ముందు పోయిన పరువు అసలు గుర్తుకే రాలేదు. గోడకు చెవి ఆనించి, మైకు కట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని మరీ విన్నవాణ్ణి, తలుపు తీసి ఒక్క మాట అడగలేకపోయాను.

కొత్త ఆల్బమ్ ఆవిడ పేరు మీద వచ్చింది. కిటికీకి పరుపు నేనే మోశాను. నా పేరు కూడా ఎక్కడైనా వేయమని బతిమాలితే, ఆలోచించి వేసింది. మాట, రాగం, గానం: ఆవిడ. కారణం: భర్త. నా మూడు ఆల్బమ్‌లలోకీ బాగా పేరొచ్చింది దీనికే.

మొన్న దుకాణానికి ఒక జంట వచ్చింది. అందులో భార్యకు అద్దాలు బిగిస్తుంటే, ఆవిడ నా ముఖం వైపు అదే పనిగా చూసి, ఆ పాటల్లో ఆయన మీరేనా అని అడిగింది. కాదని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. తల దించుకుని, నేనేనండీ అన్నాను.

"చూశారా, ఈయన కనీసం ఒప్పుకున్నాడు," అంది ఆవిడ పక్కకు తిరిగి.

ఆ భర్త గోడ మీద చూపు పరీక్షించే అక్షరాల పట్టిక వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే చిట్టచివరి వరస దాకా పైకి చదివేశాడు.